అదే పిడికిలి, ఇరవై ఏళ్ల తర్వాత: జార్జ్ ఫోర్‌మన్ రెండు కెరీర్లు

పాతికేళ్ల వయసులో, కండలు తిరిగిన ఒంటితో, ప్రపంచంలో తనకు ఎదురే లేదనుకున్న రోజుల్లో అమెరికా హెవీవెయిట్ బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ ఆరో రౌండుకే ఆయాసపడి ఎనిమిదో రౌండులో కూలిపోయాడు. నలభై రెండేళ్ల వయసులో, 257 పౌండ్ల బరువుతో, అంటే 116 కిలోల పైచిలుకు భారీకాయంతో, తనకన్నా పద్నాలుగేళ్లు చిన్నవాడైన ఛాంపియన్ ముందు పన్నెండు రౌండ్లూ నిలబడ్డాడు. రౌండుకూ రౌండుకూ మధ్య దొరికే నిమిషంలో స్టూలు మీద కూర్చోను కూడా లేదు. వయసు మీదపడితే ముందు పోయేది దమ్ము, ఆ తర్వాత కాళ్లు, చివరికి పంచ్ బలం. బాక్సింగ్‌లో అందరికీ తెలిసిన వరస ఇది. ఫోర్‌మన్ విషయంలో ఈ వరస తలకిందులైంది. దమ్ము వయసులో లేదు, వయసు మళ్లాక వచ్చింది.

దీనికి దైవభక్తి కారణమని కొందరంటారు, పట్టుదల అని కొందరంటారు. రెండూ నిజమే. కానీ రింగులో జరిగినదాన్ని రింగులోనే వెతికితే జవాబు ఇంకా దగ్గర్లో దొరుకుతుంది. మొదటి ఫోర్‌మన్‌కు బలం వాడటం వచ్చు, దాచుకోవడం రాదు. నేర్చుకోవలసిన అవసరం ఎవరూ కల్పించలేదు. కల్పించిన రోజున చాలా ఆలస్యమైపోయింది.

1949 జనవరి 10న టెక్సాస్‌లోని మార్షల్‌లో పుట్టిన ఫోర్‌మన్ హ్యూస్టన్ నగరం ఫిఫ్త్ వార్డులో పెరిగాడు. ఇంట్లో పేదరికం, బయట వీధి తగాదాలు, మధ్యలోనే ఆగిన చదువు. ఒకసారి దోపిడీ చేసి పారిపోతూ ఒక ఇంటి కింద దూరాడు. పోలీసు కుక్కలు వాసన పట్టకుండా ఒంటికంతా బురద పూసుకుని పడుకున్నాడు. ఆ బురదలో పడుకున్నప్పుడే తానొక దొంగనని మొదటిసారి తెలిసొచ్చిందని తర్వాత తనే చాలాసార్లు చెప్పుకున్నాడు. పదహారేళ్లకు జాబ్ కోర్‌లో చేరాడు. పేద యువతకు పని నేర్పడానికి అమెరికా ప్రభుత్వం 1964 చట్టంతో పెట్టిన పథకం అది. ముందు ఆరెగాన్, తర్వాత కాలిఫోర్నియాలోని ప్లెజంటన్ శిబిరం. అక్కడ డాక్ బ్రాడస్ అనే శిక్షకుడు ఈ తగాదాకోరు కుర్రాడి చేతికి గ్లవ్స్ తొడిగాడు.

రెండేళ్లు తిరిగేసరికి, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో హెవీవెయిట్ స్వర్ణం. ఫైనల్లో సోవియట్ బాక్సర్ యోనాస్ చెపులిస్‌ను రెండో రౌండులోనే ఆపేసి, చిన్న అమెరికా జెండా పట్టుకుని రింగు చుట్టూ వంగి దండం పెట్టాడు. కొద్దిరోజుల ముందే అదే ఒలింపిక్స్‌లో నల్లజాతి అమెరికన్ పరుగు వీరులు టామీ స్మిత్, జాన్ కార్లోస్ నల్ల గ్లవ్స్ తొడిగిన పిడికిళ్లు పైకెత్తి నిరసన తెలిపి ఉన్నారు. అందువల్ల ఆ జెండా చాలామంది నల్లజాతి యువకులకు నచ్చలేదు. తనను ఆదుకున్న పథకానికి పందొమ్మిదేళ్ల కుర్రాడు చెప్పుకున్న కృతజ్ఞతగా దాన్ని చూసినవాళ్లు తక్కువ.

బాక్సింగ్‌లోకి ఇంత వేగంగా వచ్చినవాడికి ఒక నష్టం ఉంటుంది. దెబ్బ బలంగా ఉంటే మిగతా పాఠాలన్నీ వాయిదా పడతాయి. 1969 జూన్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రొఫెషనల్‌గా అడుగుపెట్టిన ఫోర్‌మన్ వరసగా గెలుస్తూ పోయాడు. స్పారింగ్‌లో, అంటే సాధన పోరాటాల్లో, అతనికి ఎదురుగా నిలిచినవాళ్లలో మాజీ ఛాంపియన్ సోనీ లిస్టన్ ఒకడు. మాట్లాడకుండా, నవ్వకుండా, ఎదుటివాడి కళ్లలోకి కళ్లు పెట్టి చూసే ఆ మొరటు మౌనం లిస్టన్ దగ్గర అబ్బిందే. అప్పటి ఫోటోల్లో నవ్వే ఫోర్‌మన్‌ను వెతకాలంటే కష్టం.

1973 జనవరి 22, జమైకాలోని కింగ్‌స్టన్. ఎదురుగా జో ఫ్రేజర్. 29 పోరాటాల్లో ఓటమి లేనివాడు, రెండేళ్ల కిందటే మహమ్మద్ అలీని కిందపడేసి గెలిచినవాడు. పందేలన్నీ ఫ్రేజర్ వైపే. మొదటి రౌండులో కింది నుంచి పైకి లేచే ఒక కుడి అప్పర్‌కట్ తగిలింది, ఫ్రేజర్ కూర్చుండిపోయాడు. అక్కడి నుంచి రెండో రౌండు మధ్యకు వచ్చేసరికి ఆరుసార్లు పడ్డాడు. చివరి దెబ్బకు అతని పాదాలు నేల విడిచి లేచాయి. లేచి నిలబడ్డ ఫ్రేజర్ తడబడుతుంటే రిఫరీ ఆర్థర్ మెర్కాంటే ఆపేశాడు. ఫ్రేజర్ శైలి ముందుకు వంగి, తల ఊపుతూ లోపలికి చొరబడటం. ఫోర్‌మన్ చేతులు పొడుగు, అప్పర్‌కట్ అతని సహజాయుధం. ఫ్రేజర్ తలను తనే తెచ్చి ఆ దెబ్బ దారిలో పెట్టాడు. ఇద్దరి శైలులూ ఒకదానికొకటి ఎంత సరిగ్గా అమరాయో చెప్పకుండా ఆ రెండు రౌండ్లను కేవలం భయంకరమైన బలప్రదర్శనగా చెప్పడం ఫ్రేజర్‌కు అన్యాయం, ఫోర్‌మన్‌కు కూడా అన్యాయమే.

ఆ సెప్టెంబర్‌లో టోక్యోలో హోసే రోమన్ మొదటి రౌండులోనే పోయాడు. 1974 మార్చిలో కారకస్‌లో కెన్ నార్టన్ రెండో రౌండు దాటలేదు. ఈ నార్టనే ఏడాది కిందట అలీ దవడ ఎముక విరగ్గొట్టాడు. ఫ్రేజర్, రోమన్, నార్టన్: మూడు ప్రపంచ టైటిల్ పోరాటాలు కలిపితే ఐదు రౌండ్లు. అదే కాలంలో అలీ నార్టన్‌తో రెండుసార్లు, ఫ్రేజర్‌తో ఒకసారి పన్నెండేసి రౌండ్లు ఆడాడు. ఈ లెక్కను అప్పట్లో అందరూ ఫోర్‌మన్ గొప్పతనానికి గుర్తుగా చదివారు. నిజానికి అందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. అలసిపోయిన తర్వాత ఏం చేయాలో అలీకి ఆ ఏడాదంతా పాఠం నడిచింది. ఫోర్‌మన్‌కు ఆ తరగతే జరగలేదు.

1974 అక్టోబర్ 30, జైర్ (ఇప్పటి డెమోక్రటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో) రాజధాని కిన్షాసా. అమెరికా టీవీ వేళలకు కుదిరేలా పోరాటం తెల్లవారుజామున నాలుగింటికి పెట్టారు. ఆ దేశాధ్యక్షుడు మొబుటు ప్రభుత్వం డబ్బుతో, ప్రమోటర్ డాన్ కింగ్ ఏర్పాట్లతో ఇద్దరికీ చెరో 50 లక్షల డాలర్లు. అసలు సెప్టెంబర్‌లోనే జరగాల్సింది, సాధనలో ఫోర్‌మన్ కంటి పైన గాయమై ఐదు వారాలు వాయిదా పడింది. ఆ ఐదు వారాలూ అలీ వీధుల్లో జనంతో కలిసిపోతే ఫోర్‌మన్ శిబిరం తలుపులు మూసుకుని ఉండిపోయాడు. రింగులోకి దిగేనాటికి అతని లెక్క 40 గెలుపులు, అందులో 37 నాకౌట్లు. ఒక్క ఓటమీ లేదు. వెనకటి ఎనిమిది పోరాటాల్లో ప్రత్యర్థి ఎవరూ రెండో రౌండు దాటలేదు.

మొదటి రౌండులో అలీ జాబ్‌తో, అంటే ముందు చేత్తో వేసే సూటి దెబ్బతో, దారి చేసుకోకుండా నేరుగా కుడిచేత్తోనే కొట్టాడు. ఛాంపియన్‌ను అలా కొట్టడం తెగింపు, కొంత అవమానం కూడా. ఫోర్‌మన్‌కు కోపం వచ్చింది. రెండో రౌండు నుంచి అలీ తాళ్లకు ఆనుకున్నాడు. మోచేతులు పక్కటెముకలకు అదిమి, గ్లవ్స్ చెంపలకు చేర్చి, నడుము వెనక్కి వంచి కాచుకున్నాడు. తాళ్లు సాగి దెబ్బల అదురులో కొంత మింగేస్తున్నాయి. ఫోర్‌మన్ కొడుతూనే ఉన్నాడు. రెండు చేతులతో, భుజాల బరువంతా వేసి, గుక్క తిప్పుకోకుండా. సగానికి పైగా దెబ్బలు మోచేతుల మీద, భుజాల మీద పడ్డాయి. దగ్గరికొచ్చినప్పుడల్లా అలీ అతని మెడ మీద చెయ్యేసి కిందికి నొక్కాడు. వంద కిలోల మనిషి తల ఎత్తాలంటే మెడకు, వెన్నుకు ఎంత శ్రమో ఆ ఉక్కపోతలో ఒక్కసారి ఊహించుకుంటే చాలు. కొట్టడం ఆపిన ప్రతి క్షణంలోనూ అలీ ఎడమ జాబ్ ముఖం మీద పడుతోంది.

ఐదో రౌండు ఫోర్‌మన్ ఉన్నదంతా ఊడ్చిపెట్టాడు. ఆ తర్వాత అతని పంచ్‌లు చూస్తే తేడా తెలుస్తుంది. చెయ్యి బయల్దేరుతోంది, దాని వెనక నడుము రావడం లేదు. అలీ తెలివిని పొగిడేవాళ్లు తాళ్ల దగ్గరే ఆగిపోతారు. ఫోర్‌మన్ మూలలో, అంటే అతని శిక్షణ బృందంలో, ఉన్న డిక్ శాడ్లర్, ఆర్చీ మూర్ లాంటి అనుభవజ్ఞులకు బయటి నుంచి అంతా కనిపిస్తూనే ఉంది, అయినా ఆ కుర్రాడి ఆట తీరు మారలేదు. మార్చుకోవడానికి అతని దగ్గర రెండో ఆట లేదు. ఎనిమిదో రౌండు చివర్లో అలీ తాళ్ల మీంచి పక్కకు జరిగి వరసగా కొట్టాడు. పక్క నుంచి వంపుగా వచ్చిన ఎడమ హుక్‌కు ఫోర్‌మన్ తల పైకి లేచింది, వెంటనే కుడిచెయ్యి నేరుగా ముఖం మీద. అతను సగం చుట్టు తిరిగి, చేతులు గాల్లో ఆడిస్తూ నెమ్మదిగా పడ్డాడు. పడిపోతున్నవాడిని కొట్టడానికి అలీ ఇంకో పిడికిలి ఎత్తి, కొట్టకుండా ఆగాడు. మూడు స్కోరు కార్డుల మీదా అప్పటికే పైచేయి అలీదే.

ఓటమి తర్వాత ఫోర్‌మన్ చాలాకాలం సాకులు వెతికాడు. తాళ్లు వదులు చేశారన్నాడు, నీళ్లలో ఏదో కలిపారన్నాడు. ఈ మాటలు చిన్నతనంగా కనిపిస్తాయి గానీ, అప్పటిదాకా ఒక్కటే పనిముట్టుతో బతికినవాడికి ఆ పనిముట్టు మొదటిసారి పనిచేయకపోతే దాన్ని అనుమానించడం కన్నా మిగతా ప్రపంచాన్ని అనుమానించడం తేలిక. 1976 జనవరిలో లాస్ వేగాస్‌లో రాన్ లైల్‌తో జరిగింది చూస్తే అతను ఏమీ మారలేదని తెలుస్తుంది. నాలుగో రౌండులో ఫోర్‌మన్ రెండుసార్లు, లైల్ ఒకసారి కిందపడ్డారు. ఐదో రౌండులో ఫోర్‌మన్ గెలిచాడు. హెవీవెయిట్ చరిత్రలో అంత గుండెధైర్యం చూపించిన పోరాటాలు కొన్నే ఉంటాయి. దాంట్లో పథకమన్నది మాత్రం కనిపించదు. 1977 మార్చి 17న పోర్టోరికోలోని శాన్ హువాన్‌లో జిమ్మీ యంగ్ ఈ లోటునే మళ్లీ ఎత్తిచూపాడు. యంగ్ దగ్గర గొప్ప పంచ్ లేదు, ఓపిక ఉంది. తప్పించుకుని, తప్పించుకుని, పన్నెండో రౌండులో అలసిన ఫోర్‌మన్‌ను కిందపడేసి పాయింట్ల మీద గెలిచాడు.

ఆ రాత్రి డ్రెస్సింగ్ రూములో ఒళ్లంతా వేడెక్కి, చావు అంచుదాకా పోయి వచ్చినట్టు ఫోర్‌మన్‌కు అనిపించింది. దేవుణ్ని చూశానని చెప్పాడు. బాక్సింగ్ వదిలి పాస్టర్ అయ్యాడు. హ్యూస్టన్‌లో చిన్న చర్చి, దాని పక్కనే పిల్లల కోసం ఒక యువజన కేంద్రం. పదేళ్లపాటు రింగు ముఖం చూడలేదు.

ఆ పదేళ్ల విరామానికి ఇవ్వవలసినంత విలువ ఎవరూ ఇవ్వలేదనిపిస్తుంది. రింగులోకి తిరిగొచ్చిన పాత ఛాంపియన్ల కథలు ఎక్కువ భాగం చూడలేనివి. 1951లో జో లూయిస్‌ను రాకీ మార్సియానో తాళ్ల మధ్య నుంచి బయటికి కొట్టాడు. 1980లో లారీ హోమ్స్ ముందు అలీ పది రౌండ్లు దెబ్బలు తిని మూలకు చేరాక అతని మనుషులే ఇక చాలన్నారు. వీళ్లిద్దరూ అరిగిపోయిన ఒళ్లతో వచ్చారు. ఫోర్‌మన్ 28 నుంచి 38 దాకా, బాక్సర్ శరీరం ఎక్కువగా అరిగే ఆ వయసులో, తలకు ఒక్క దెబ్బ తినలేదు. వయసు నలభైకి దగ్గరైనా పుచ్చుకున్న దెబ్బల లెక్క ఇరవై ఎనిమిదో ఏట దగ్గరే ఆగింది.

యువజన కేంద్రానికి డబ్బు అయిపోయింది. విరాళాలు అడగడం అతనికి నామోషీ అనిపించింది. 1987 మార్చి 9న శాక్రమెంటోలో స్టీవ్ జౌస్కీ మీద మళ్లీ మొదలుపెట్టాడు. బరువు 267 పౌండ్లు. జనం నవ్వారు. ఎన్నుకున్న ప్రత్యర్థులు బలహీనులని పత్రికలు ఏకేశాయి. ఆ విమర్శ నిజమే, కానీ సగమే నిజం. మొదటిసారి అతనికి దొరకని తరగతి ఇదే. నాలుగేళ్లలో వరసగా 24 గెలుపులు, ఒకటి తప్ప అన్నీ నాకౌట్లే. తేలికపాటి ప్రత్యర్థుల మీద అతను దమ్ము పొదుపు చేయడం సాధన చేశాడు. 1990 జనవరిలో అట్లాంటిక్ సిటీలో గెర్రీ కూనీ రెండో రౌండులో పడిపోయాక నవ్వులు ఆగాయి.

ఈ రెండో ఫోర్‌మన్ ఆట వేరు. పరుగు లేదు, వెంటపడటం లేదు. రింగు మధ్యను ఆక్రమించి, ఎదుటివాడు ఎటు తిరిగినా చిన్న అడుగుతో దారి కోసేస్తాడు. రెండు చేతులూ ముఖం ముందు అడ్డంగా మడిచి పెట్టుకునే పాత గార్డు, ఆర్చీ మూర్ పేరు తెచ్చినది. దెబ్బలు ముంజేతుల మీద పడి జారిపోతాయి, కాళ్లకు పని తగ్గుతుంది. దాని వెనక నుంచి జాబ్. చాలామందికి జాబ్ అంటే కొలత చూసుకునే దెబ్బ. ఫోర్‌మన్ జాబ్ దుంగతో పొడిచినట్టు తగిలేది, తిన్నవాడు ఒక అడుగు వెనక్కి వేసేవాడు. ఆ వెనకడుగు సమయమే ఫోర్‌మన్‌కు విశ్రాంతి. పాత ఫోర్‌మన్ కొట్టి అలసిపోయేవాడు, కొత్త ఫోర్‌మన్ కొట్టి ఊపిరి తీసుకునేవాడు. రౌండ్ల మధ్య కూర్చోకపోవడమూ ఇందులో భాగమే. అవతలి మూలలో వగరుస్తూ స్టూలు మీద కూలబడ్డ కుర్రాడికి, నిలబడి తనవైపే చూస్తున్న ముసలివాడు కనిపించాలి.

1991 ఏప్రిల్ 19న అప్పటి ప్రపంచ ఛాంపియన్ ఇవాండర్ హోలీఫీల్డ్ చేతిలో పాయింట్ల మీద ఓడాడు. ఓటమే అయినా కిన్షాసాకు జవాబు ఆ రాత్రే దొరికింది. హోలీఫీల్డ్ వేగంగా వరసలు వరసలుగా కొట్టాడు, ఫోర్‌మన్ తిన్నాడు, తిరిగి ఇచ్చాడు, పన్నెండో రౌండు చివరి గంటదాకా నిలబడ్డాడు. అయితే వయసు చేయాల్సిన పని చేస్తూనే ఉంది. 1992లో అలెక్స్ స్టూవర్ట్ మీద గెలిచినా ముఖం గుర్తుపట్టలేనంతగా వాచిపోయింది. 1993 జూన్‌లో టామీ మోరిసన్ దగ్గరికే రాకుండా చుట్టూ తిరుగుతూ పాయింట్లు ఏరుకుని గెలిచాడు. ఆ తర్వాత ఫోర్‌మన్ 17 నెలలు పోరాడలేదు. టీవీ వ్యాఖ్యాతగా కుదురుకున్నాడు. చాలామంది దృష్టిలో కథ అయిపోయింది.

మైఖేల్ మూరర్ 1994 ఏప్రిల్‌లో హోలీఫీల్డ్‌ను ఓడించి ఛాంపియన్ అయ్యాడు. 26 ఏళ్లు, 35 పోరాటాల్లో ఓటమి లేదు, హెవీవెయిట్ ప్రపంచ టైటిల్ గెలిచిన మొదటి ఎడమచేతివాటం బాక్సర్. ఓటమి తర్వాత ఒక్క పోరాటమూ ఆడని 45 ఏళ్ల మనిషికి టైటిల్ అవకాశం ఇవ్వడం న్యాయంగా లేదని అన్నవాళ్ల మాటలో తప్పులేదు. టైటిల్ ఇచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీఏ వయసు కారణం చూపి ఒప్పుకోకపోతే ఫోర్‌మన్ కోర్టుకెక్కి అనుమతి తెచ్చుకున్నాడు. నవంబర్ 5న లాస్ వేగాస్ ఎంజీఎం గ్రాండ్‌లో రింగులోకి వచ్చినప్పుడు అతను వేసుకున్నది కిన్షాసాలో వేసుకున్న ఎర్ర నిక్కరే. ఆనాడు అలీ మూలలో ఉన్న యాంజెలో డండీ ఈసారి ఫోర్‌మన్ మూలలో ఉన్నాడు.

తొమ్మిది రౌండ్లదాకా పైచేయి మూరర్‌దే. అతని కుడి జాబ్ ఫోర్‌మన్ ముఖం మీద ఆడుతూనే ఉంది. ఇద్దరు జడ్జీల లెక్కలో 88-83, మూడో జడ్జి లెక్కలో 86-85, మూడూ మూరర్ వైపే. కానీ ఆ రౌండ్లలో ఫోర్‌మన్ చేసిన ఒక పని పాయింట్లలో రాదు. అతను మూరర్‌ను తన ఎదురుగా నిలబడటానికి అలవాటు చేశాడు. కొడితే తింటున్నాడు, తిరిగి నిదానంగా ఇస్తున్నాడు, ప్రమాదం లేదనిపిస్తున్నాడు. మూరర్ ట్రైనర్ టెడ్డీ అట్లాస్ ప్రతి విరామంలో కదలమని, ఎదురుగా ఆగొద్దని మొత్తుకుంటూనే ఉన్నాడు. ఎడమచేతివాటం వాడికి అవతలివాడి కుడిచెయ్యి తిన్నని దారిలో ఉంటుంది, కదలికే కాపలా. మూరర్ ఆ కాపలా తీసేశాడు.

పదో రౌండు. జాబ్, వెనకే కుడిచెయ్యి. నుదుటి దగ్గర తగిలింది, మూరర్ ఒక్క క్షణం మొద్దుబారాడు. వెనక్కి పోలేదు. ఫోర్‌మన్ తొందరపడలేదు. కిన్షాసా ఫోర్‌మన్ అయితే ఇక్కడ పది పంచ్‌లు విసిరేవాడు. ఈ ఫోర్‌మన్ అర అడుగు సర్దుకుని మళ్లీ అదే జాబ్ వేశాడు, దాని వెనక అదే కుడిచెయ్యి, ఈసారి పొట్టిగా, గడ్డం కొసకు. మూరర్ వెల్లకిలా పడ్డాడు. రిఫరీ జో కోర్టెజ్ పది లెక్కపెట్టేసరికి రౌండులో 2 నిమిషాల 3 సెకన్లు అయింది. ఫోర్‌మన్ గెంతలేదు, అరవలేదు. మూలకు తిరిగి మోకాళ్ల మీద కూర్చుని తల వంచాడు. అంతకుముందు ఈ బరువులో టైటిల్ గెలిచిన పెద్ద వయసువాడు జెర్సీ జో వాల్కాట్, 37 ఏళ్లకు. ఫోర్‌మన్‌కు 45 దాటి పది నెలలు. హెవీవెయిట్‌లో ఆ రికార్డును ఇప్పటికీ ఎవరూ అందుకోలేదు.

తర్వాతి కథ అంత అందంగా లేదు. టోనీ టక్కర్‌తో తలపడనందుకు డబ్ల్యూబీఏ టైటిల్ వెనక్కి తీసుకుంది. 1995 ఏప్రిల్‌లో జర్మనీ బాక్సర్ ఆక్సెల్ షుల్జ్ మీద వచ్చిన గెలుపు జడ్జీల ధర్మమే, చూసినవాళ్లలో ఎక్కువమంది షుల్జే గెలిచాడన్నారు. మళ్లీ పోరాడమని టైటిల్ ఇచ్చే మరో సంస్థ ఐబీఎఫ్ ఆదేశిస్తే ఒప్పుకోక ఆ బెల్టూ వదులుకున్నాడు. ఛాంపియన్‌గా చేయవలసిన బాధ్యత అతను సరిగ్గా చేయలేదన్నది నిజం, అభిమానం ఎంత ఉన్నా ఒప్పుకోవాలి. ఈలోగా అతని పేరుతో అమ్ముడైన వంట గ్రిల్లు బాక్సింగ్ కన్నా ఎక్కువ సంపాదించి పెట్టింది. ఆ పేరు వాడుకునే హక్కులకు 1999లో సాల్టన్ కంపెనీ 13.75 కోట్ల డాలర్లు చెల్లించింది. అలీతో వైరం ఎప్పుడో పోయింది. 1997 ఆస్కార్ వేదిక మెట్ల దగ్గర, పార్కిన్సన్స్‌తో వణుకుతున్న అలీకి చెయ్యి అందించి పైకి నడిపించినవాడు ఫోర్‌మనే.

చివరి పోరాటం 1997 నవంబర్ 22న అట్లాంటిక్ సిటీలో, షానన్ బ్రిగ్స్‌తో. బ్రిగ్స్‌కు 25 ఏళ్లు. కిన్షాసాలో ఓడిన రోజున ఫోర్‌మన్ వయసు అంతే. రింగు పక్కన కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఫోర్‌మన్ గెలిచాడనుకున్నారు, జడ్జీలు బ్రిగ్స్‌కు ఇచ్చారు. షుల్జ్ విషయంలో దొరికిన అప్పు అలా తీరింది. ఈసారి నీళ్ల మీద, తాళ్ల మీద ఫిర్యాదులు లేవు. 81 పోరాటాలు, 76 గెలుపులు, 68 నాకౌట్లు, 5 ఓటములు. ఆ ఐదింటిలో అతన్ని నాకౌట్ చేసినవాడు అలీ ఒక్కడే. 2025 మార్చి 21న, 76 ఏళ్ల వయసులో ఫోర్‌మన్ హ్యూస్టన్‌లో కన్నుమూశాడు.